‘డ్యూన్’ చేతిలో పెట్టే ముందు: ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్‌లో ఎవరికి ఏ పుస్తకం

సైన్స్ ఫిక్షన్ మొదలుపెడదామనుకుంటున్నాను, ఒక పుస్తకం చెప్పండి అని అడిగితే చాలామంది నోట మొదట వచ్చే పేరు ‘డ్యూన్’. ఫాంటసీ అయితే ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’. రెండూ గొప్ప పుస్తకాలే, అందులో పేచీ లేదు. అయితే ఆ రెండింటినీ వంద పేజీలు దాటకుండానే మూసేసి, ఈ తరహా రాతలు మనకు పడవులే అని తేల్చుకున్నవాళ్లు కూడా బోలెడుమంది. పుస్తకం గొప్పదని చెప్పి ఊరుకుంటే సిఫారసు సగమే అయినట్టు. చదివే మనిషి ఎక్కడ ఆగిపోతాడు, ఎందుకు ఆగిపోతాడు, అక్కడ ఏం చేస్తే ముందుకు సాగుతుంది, ఏ రుచి ఉన్నవాళ్లకు అసలు ఇవ్వకూడదు అన్నవి కూడా చెప్పాలి. ఇక్కడ తీసుకున్న పుస్తకాలన్నిటికీ ఆ కొలతే వాడాను. కథలో పెద్ద మలుపులు బయటపెట్టలేదు.

ఫ్రాంక్ హెర్బర్ట్ ‘డ్యూన్’ 1965లో పుస్తకంగా వచ్చింది. ఇరవైకి పైగా ప్రచురణ సంస్థలు వద్దన్నాక, కార్ల మరమ్మతు పుస్తకాలకు పేరుపడ్డ చిల్టన్ అనే సంస్థ దాన్ని అచ్చువేసింది. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీలకిచ్చే పెద్ద అవార్డుల్లో హ్యూగోను ఆ మీదట ఇంకో నవలతో పంచుకుంది, నెబ్యులా అందుకున్న మొట్టమొదటి నవల కూడా ఇదే. అయినా వద్దన్నవాళ్లు ఎందుకు జంకారో మొదటి అధ్యాయం చదివితే అర్థమవుతుంది. బెనె జెసెరిట్, గామ్ జబ్బార్, క్విసాట్జ్ హాడరాక్ లాంటి మాటలు వివరణ లేకుండా వరసగా మీద పడతాయి. చివర పదకోశం ఉంది కదా అని ప్రతి మాటకూ వెనక్కి వెళ్లి చూసుకుంటే ముప్ఫై పేజీలకే విసుగొస్తుంది. నాలుగు మాటలు తెలిస్తే చాలు. బెనె జెసెరిట్ అంటే తరాల తరబడి రాచవంశాల పెళ్లిళ్లను తెర వెనక నుంచి నడుపుతున్న స్త్రీల సంఘం. మెంటాట్ అంటే ఆలోచించే యంత్రాలను నిషేధించిన ఆ లోకంలో లెక్కలు, వ్యూహాలు బుర్రలోనే కట్టే మనిషి. స్పైస్ అంటే ఆయువు పెంచే పదార్థం. నక్షత్రాల మధ్య ఓడలు నడవాలన్నా అదే కావాలి, అర్రాకిస్ అనే ఎడారి గ్రహంలో తప్ప ఎక్కడా దొరకదు. ఆ ఎడారి జనం ఫ్రెమెన్. మిగతా మాటలు కథే నేర్పుతుంది.

రెండో చిక్కు ఇంకోటుంది. ద్రోహం చేసేది ఎవరో హెర్బర్ట్ రెండో అధ్యాయంలోనే చెప్పేస్తాడు. ప్రతి అధ్యాయం తల మీద ఉండే రాజకుమారి ఇరులన్ రాతలు కూడా జరగబోయేది ముందే సూచిస్తుంటాయి. సస్పెన్స్ కోసం చదివేవాళ్లకు ఇది రచయిత చేతగానితనంలా కనిపిస్తుంది. కానీ ఇక్కడ ఉత్కంఠ ఎవరు చేశారన్న దాంట్లో లేదు. ఇంత తెలివైనవాళ్లు, ఇంతగా జాగ్రత్తపడినవాళ్లు ఎలా చిక్కుకుంటారన్న దాంట్లో ఉంది. ఆ చూపుతో చదివితే మొదటి రెండు వందల పేజీల బిగింపు తెలుస్తుంది.

ఈ నవల బలం ఏమిటో ఒక్క సన్నివేశంలో పట్టుకోవచ్చు. ఫ్రెమెన్ నాయకుడు స్టిల్‌గార్ అర్రాకిస్‌ను ఏలటానికి వచ్చిన డ్యూక్ మంత్రాంగం జరిగే గదిలోకి వచ్చి, నున్నటి బల్ల మీద ఉమ్మేస్తాడు. డ్యూక్ మనుషులు కత్తుల మీదికి చేతులు పోనిస్తారు. ఫ్రెమెన్ల మధ్య కొన్నాళ్లు గడిపి వచ్చిన డంకన్ ఐడహో వాళ్లను ఆపి, నీ ఒంటి నీటిని మాకిచ్చినందుకు కృతజ్ఞతలని చెప్పి తనూ అదే బల్ల మీద ఉమ్ముతాడు. నీరు దొరకని చోట ఉమ్మి మర్యాద అవుతుంది. ఆ గ్రహంలో నీటికున్న విలువ గురించి ఒక పేజీ ఉపన్యాసం ఇచ్చినా ఇంత చెప్పలేడు. స్టిల్‌సూట్ కూడా అంతే. ఒంటి చెమటను, మూత్రాన్ని వడకట్టి సంచుల్లోకి చేర్చే దుస్తు అది. నడకలో మడమ ఒత్తిడి, ఊపిరి కదలిక దానికి పంపులుగా పనిచేస్తాయి, ముక్కు దగ్గర గొట్టం ఊపిరిలోని తేమను కూడా వదలదు. బాగా బిగించుకుంటే రోజుకు చెంచాడు నీరు కూడా పోదు. బిగించటంలో తేడా వస్తే ప్రాణం పోతుంది కాబట్టి, ఎవరూ నేర్పకుండానే డ్యూక్ కొడుకు, కథానాయకుడు పాల్ దాన్ని సరిగ్గా తొడుక్కున్నాడని గ్రహశాస్త్రవేత్త కైన్స్ గమనించటం కథలో పెద్ద సంగతి అవుతుంది.

అర్రాకిస్ రాజధాని అర్రాకీన్ కోటలో జరిగే విందు అధ్యాయాన్ని పరీక్షగా పెట్టుకోండి. అక్కడ ప్రతి మాట వెనక ఇంకో ఎత్తు ఉంటుంది, అందరి మనసుల్లోని ఆలోచనలూ ఒకే పేజీలో వినిపిస్తాయి. అది నచ్చితే మిగతా పుస్తకం మీదే. విసుగనిపిస్తే నిస్సంకోచంగా మూసేయండి, ముందుకెళ్లినా పద్ధతి మారదు. లోపం లేదా అంటే ఉంది. మూడో భాగం రెండేళ్లు దాటవేసి మొదలవుతుంది, ముగింపు హడావిడిగా వచ్చి పడుతుంది. పైగా పాల్‌ని విజయం సాధించిన కథానాయకుడిగా చూసి పుస్తకం మూసేస్తే సగం అర్థమే చేతికొస్తుంది. 1969లో వచ్చిన ‘డ్యూన్ మెసయా’ మొదటిదానిలో సగం కూడా ఉండదు, కానీ వీరపూజ ఎక్కడికి దారితీస్తుందో అందులోనే తేలుతుంది. ఆ రెండూ కలిపి ఒక పుస్తకం అనుకుని చదవండి. హెర్బర్ట్ రాసిన ఆరింటిలో తర్వాతి నాలుగూ చదవకపోయినా కొదవలేదు. తత్వచర్చ ఇష్టమైతే 1981 నాటి ‘గాడ్ ఎంపరర్ ఆఫ్ డ్యూన్’ వరకు వెళ్లవచ్చు.

టోల్కీన్ ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ని మూడు నవలల సీరీస్ అనుకోవటంతోనే పొరపాటు మొదలవుతుంది. ఒకే నవల 1954–55ల్లో మూడు సంపుటాలుగా అచ్చయింది, ఏ సంపుటానికీ దానిదంటూ ముగింపు ఉండదు. మూడూ దగ్గర పెట్టుకునే మొదలుపెట్టాలి. ముందుమాటలాంటి ‘ప్రొలోగ్’లో నాలుగు భాగాలున్నాయి, హాబిట్లనే పొట్టి జనం అలవాట్లు, వాళ్ల పొగాకు, వాళ్లుండే షైర్ పాలన గురించిన మొదటి మూడూ ఇప్పుడు చదవకపోయినా నష్టం లేదు. ఉంగరం ఎలా దొరికిందో చెప్పే నాలుగోది మాత్రం ‘ద హాబిట్’ చదవనివాళ్లు వదలకూడదు. మొదటి అధ్యాయంలోని పుట్టినరోజు విందుకీ కథానాయకుడు ఫ్రోడో అసలు ప్రయాణానికీ మధ్య కథలో 17 ఏళ్లు గడుస్తాయి. బయల్దేరాక కూడా టామ్ బాంబడిల్ అనే పాత్ర దగ్గర కథ నిలబడిపోయినట్టు ఉంటుంది. చాలామంది వదిలేసేది అక్కడే. తొమ్మిదో అధ్యాయంలో బ్రీ ఊరి సత్రం వస్తుంది, అక్కణ్ణుంచి నడక మారుతుంది. అందాకా ఓపిక పట్టమనే నా సలహా. పాటలు దాటేసినా కథ తెగదు గానీ, మంత్రవేత్త గాండాల్ఫ్ ఉంగరం చరిత్ర చెప్పే రెండో అధ్యాయాన్ని దాటేయకండి, మొత్తం పుస్తకానికి పునాది అదే. సినిమాలు చూసి వచ్చేవాళ్లకు ఇంకో మాట: రెండో సంపుటంలో సగం వరకు ఫ్రోడో, అతని తోడు సామ్ అసలు కనిపించరు. సినిమాలో కలిపి అల్లిన రెండు దారులు పుస్తకంలో విడివిడిగా, ఒకదాని తర్వాత ఒకటిగా నడుస్తాయి.

మంత్రాల లోకం మీదే మనసుంటే, మొదటి పుస్తకంగా ఈ రెండింటికన్నా ఉర్సులా లె గ్విన్ రాసిన ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ (1968) మేలు. పది అధ్యాయాలు, సుమారు రెండు వందల పేజీలు. పొగరుబోతు కుర్రాడు గెడ్ తన గొప్ప చూపించుకోబోయి ఒక నీడను లోకంలోకి వదులుతాడు, ఆ తర్వాతంతా ఆ నీడ వేట. అక్కడ మంత్రం అంటే ప్రతి వస్తువు అసలు పేరూ తెలిసి ఉండటం. మనిషి అసలు పేరు తెలిస్తే ఆ మనిషి మీద పట్టు దొరుకుతుంది కాబట్టి దాన్ని ఎవరూ బయటపెట్టరు. అందుకే, గెడ్ అందరిలో తలెత్తుకోలేని స్థితిలో ఉన్నప్పుడు స్నేహితుడు వెచ్ తన అసలు పేరు చెప్పటం ఈ పుస్తకంలో ఏ యుద్ధం కన్నా పెద్ద ఘట్టం. కథనం పాతకాలపు గాథలా దూరం నుంచి సాగుతుంది. సంభాషణలు తక్కువ, హాస్యం ఇంకా తక్కువ. పాత్రలతో కబుర్లాడుతున్నట్టు చదవటం అలవాటైనవాళ్లకు ఇది చలిగా అనిపించవచ్చు.

రెండో పుస్తకం ‘ద టూంబ్స్ ఆఫ్ అటువాన్’ (1971) తెరిచినవాళ్లు గెడ్ ఏడీ అని వెతుక్కుంటారు. దాదాపు సగం పుస్తకం గడిచేదాకా అతను రాడు, ఇది తెనార్ అనే అమ్మాయి కథ. చీకటి గుహల్లో చేత్తో తడుముకుంటూ దారి గుర్తుపెట్టుకునే ఆ అధ్యాయాలు మొదటి పుస్తకం కన్నా గట్టివని నా అభిప్రాయం. మొదటి పుస్తకంలో ఆడవాళ్ల మంత్రాలంటే ఉన్న చిన్నచూపు చాలామందిని ఇబ్బంది పెడుతుంది, ఆ విమర్శ న్యాయమైనదే. లె గ్విన్ దాన్ని తప్పించుకోలేదు. 1972 నాటి మూడో పుస్తకం తర్వాత 18 ఏళ్లకు ‘తెహాను’ రాసి, అదే లోకాన్ని ఆడవాళ్ల వైపు నుంచి మళ్లీ చూపించింది. ఎర్త్‌సీని మూడింటితో ఆపేవాళ్లు ఆ జవాబు వినకుండా వెళ్లిపోతున్నట్టే.

దీనికి పూర్తి ఎదురు కొసన బ్రాండన్ శాండర్సన్ ‘మిస్ట్‌బార్న్’ (మొదటి పుస్తకం ‘ద ఫైనల్ ఎంపైర్’, 2006) ఉంటుంది. ఇందులో మంత్రం అంటే లోహాలను మింగి కడుపులో ‘మండించటం’. ఉక్కును మండిస్తే దగ్గర్లోని లోహపు వస్తువులను నెట్టవచ్చు, ఇనుమును మండిస్తే లాగవచ్చు. వస్తువు మీకన్నా తేలికైతే అది ఎగిరిపోతుంది. బరువైనదైనా, నేలకు ఆనుకుని ఉన్నా మీరే ఎగురుతారు. అందుకే ఒక నాణేన్ని కింద పడేసి, దాన్ని నెట్టి, ఆ ఊపుతో మేడల మీదికి ఎగురుతారు. తగరం చూపును, వినికిడిని పెంచుతుంది, కాబట్టి ఆ సమయంలో ఒక్కసారిగా వెలుగు పడినా, పెద్ద చప్పుడైనా తట్టుకోలేరు. ప్యూటర్ అనే మిశ్రలోహం ఒంటికి బలమిస్తుంది, అయిపోగానే ఆపుకున్న అలసటంతా ఒక్కసారే మీద పడుతుంది. జింక్, ఇత్తడి ఎదుటివాళ్ల భావోద్వేగాలను రెచ్చగొడతాయి, చల్లారుస్తాయి. ఈ లెక్క పాఠకుడికి ముందే తెలుసు కాబట్టి, కథానాయిక విన్ ఏదైనా చిక్కులోంచి బయటపడితే అరె, ఇది నాకూ తట్టాల్సిందే అనిపిస్తుంది. మంత్రంతో చిక్కుముడి విప్పాలంటే ఆ మంత్రం పాఠకుడికి ఎంత అర్థమైందో అంతవరకే అది రుచిస్తుందని శాండర్సన్ సూత్రం. ఈ నవల ఆ సూత్రానికి మంచి సాక్ష్యం.

ఇక్కడే ఎడతెగని వాదన ఒకటి నడుస్తుంటుంది. నియమాలున్న మంత్రమే నిజాయితీగలదని, లేనిది రచయిత బద్ధకమని ఒక పక్షం. నియమాలు రాసేస్తే అది మంత్రం కాకుండా యంత్రమైపోతుందని రెండో పక్షం. రెండు పక్షాలూ ఎర్త్‌సీని సరిగ్గా చదవలేదనిపిస్తుంది. అక్కడా నియమం ఉంది, గట్టిగానే ఉంది. అది మంత్రం ఎలా పనిచేస్తుందన్న దాని గురించి కాదు, దానికి ఏం చెల్లించాలన్న దాని గురించి. ఒక దీవిలో వాన కురిపిస్తే ఇంకో దీవిలో కరువు రావచ్చు. అందుకే పెద్ద మంత్రవేత్తలు చాలావరకు ఏమీ చేయకుండా ఉండటం నేర్చుకుంటారు. కాబట్టి పుస్తకం చెప్పే ముందు, మీకు చిక్కుముడి విప్పటం ఇష్టమా, దాని ఫలితం అనుభవించే మనిషిని చూడటం ఇష్టమా అని అడగండి. మొదటిదైతే మిస్ట్‌బార్న్, రెండోదైతే ఎర్త్‌సీ. మిస్ట్‌బార్న్ వచనం సాదాసీదాగా ఉంటుందని, పోరాటాలు ఒక్కోసారి పద్దుల పుస్తకంలా ఏ లోహం ఎంత మండిందో లెక్క చెబుతాయని కూడా ముందే చెప్పేయాలి. దాని పెద్ద సుగుణం ఒకటుంది: మొదటి పుస్తకం కథ దానికదే పూర్తవుతుంది. మిగతా రెండూ చదవకపోయినా మోసపోయినట్టు ఉండదు.

లియూ త్సిషిన్ ‘ద త్రీ బాడీ ప్రాబ్లం’ గురించి ఇప్పుడు ఎక్కువ కొట్లాట. చైనాలో 2006లో పత్రికలో ధారావాహికగా, 2008లో పుస్తకంగా వచ్చింది. కెన్ లియూ ఇంగ్లిష్ అనువాదం 2014లో వచ్చి, 2015లో హ్యూగో గెలిచింది. ఇంగ్లిష్ ప్రతి 1967 నాటి సాంస్కృతిక విప్లవంతో మొదలవుతుంది. ఒక భౌతికశాస్త్ర ఆచార్యుణ్ణి జనం మధ్య నిలబెట్టి కొట్టి చంపుతుంటే కూతురు యె వెన్‌జియె చూస్తుంది. చైనాలో పుస్తకంగా వేసినప్పుడు ఈ భాగాన్ని మధ్యకు జరిపారు, అనువాదంలో రచయిత మొదట అనుకున్న చోటికి తెచ్చారు. ఆమె తర్వాత తీసుకునే నిర్ణయం నమ్మేలా ఉందంటే ఈ మొదలు వల్లే. చదివేవాళ్లు ఇరుక్కునేది పేర్ల దగ్గర. ఇంటిపేరు ముందు వస్తుందని గుర్తుపెట్టుకుని, మొదట్లో ఉన్న పాత్రల పట్టిక దగ్గర ఒక చీటీ పెట్టుకుంటే ఆ గొడవ తీరిపోతుంది.

ఇందులో మరిచిపోలేనిది మనుషులతో కట్టిన కంప్యూటర్. నవలలో వచ్చే ఒక కంప్యూటర్ ఆటలోని లోకంలో, చక్రవర్తి చిన్ షి హువాంగ్ ముందు మూడు కోట్ల మంది సైనికులను మైదానంలో నిలబెడతారు. ముగ్గురేసి సైనికులు ఒక జట్టు: ఇద్దరు ఇన్‌పుట్, ఒకడు అవుట్‌పుట్. ముందున్న ఇద్దరి జెండాల రంగును బట్టి మూడోవాడు నల్ల జెండానో తెల్ల జెండానో ఎత్తుతాడు. వాడికి లెక్కలు రానక్కర్లేదు, ఒకే ఒక్క నియమం గుర్తుంటే చాలు. అలాంటి జట్లు లక్షల్లో కలిస్తే ఆ లోకంలోని మూడు సూర్యుల గమనాన్ని లెక్కగట్టే యంత్రం అవుతుంది. లాజిక్ గేట్ అంటే ఏమిటో పాఠ్యపుస్తకాల్లో అర్థంకాని వాళ్లకు కూడా ఈ పేజీలతో అర్థమవుతుంది.

సైన్స్ ఎంతవరకు నిజం అన్నది తరచూ అడిగే ప్రశ్న. మూడు ఖగోళ వస్తువుల గమనానికి అన్ని సందర్భాల్లోనూ పనిచేసే ఒక్క సూత్రం లేదన్నది నిజం. కంప్యూటర్‌తో కొంతకాలం ముందుకు లెక్కగట్టవచ్చు. కానీ మొదటి కొలతలో వెంట్రుకవాసి తేడా ఉన్నా పోనుపోను ఫలితం పూర్తిగా మారిపోతుంది. అయితే నవల తీసుకున్న ఆల్ఫా సెంటారీ అనే మూడు నక్షత్రాల కుటుంబం అంత అల్లకల్లోలంగా లేదు. ఎ, బి అనే రెండు నక్షత్రాలు దాదాపు 80 ఏళ్లకోసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. మూడోది ప్రాక్సిమా వాటికి చాలా దూరంగా, వాటిని కదిలించలేనంత చిన్నదిగా ఉంటుంది. అంటే అది కుదురుగా ఉన్న కుటుంబమే. చివర్లో ప్రోటాన్‌ను డైమెన్షన్లు విప్పి పరిచే అధ్యాయం కూడా ఊహే తప్ప భౌతికశాస్త్రం కాదు. ఆ రెండింటినీ రచయిత తీసుకున్న స్వేచ్ఛగా వదిలేయవచ్చు. వదలలేని లోపం పాత్రలది. కథానాయకుడు వాంగ్ మియావో కథను చూపించే కెమెరాలాంటి వాడు తప్ప మనిషిగా గుర్తుండడు. పుస్తకానికి ప్రాణం పోసేది మొరటు పోలీసు షి చియాంగ్. రెండో పుస్తకం ‘ద డార్క్ ఫారెస్ట్’లో ఆలోచన ఇంకా పదునుగా ఉంటుంది, కానీ దాని కథానాయకుడు లువో జి ఊహాసుందరి కోసం తిరిగే మొదటి భాగం సాగదీత. దాన్ని వేగంగా దాటి వెళ్లండి, చివరి వంద పేజీలు ఆ బాకీ తీర్చేస్తాయి.

లెక్కలతో నడిచే కథే కావాలంటే ఆండీ వీర్ ‘ద మార్షియన్’ అన్నిటికన్నా సులువైన గుమ్మం. అంగారకుడి మీద ఒంటరిగా మిగిలిన మార్క్ వాట్నీ, మిగిలిపోయిన హైడ్రజీన్ ఇంధనాన్ని ఇరిడియం మీదుగా పంపి నైట్రోజన్, హైడ్రోజన్‌గా విడగొడతాడు. ఆ హైడ్రోజన్‌ను ఆక్సిజన్‌తో మండించి నీళ్లు చేసి బంగాళాదుంపలు పండిస్తాడు. ఇందులో ప్రమాదం, మండకుండా మిగిలిన హైడ్రోజన్ తను ఉండే గుడారంలోనే పోగవటం. అంకెలు వచ్చినప్పుడు కళ్లు జారవిడవకండి. ఎన్ని రోజుల తిండి, ఎంత నీరు అన్న లెక్కలోనే ఉత్కంఠ ఉంది. కథను మొదలుపెట్టే తుపాను మాత్రం అసాధ్యం. అంగారకుడి గాలి ఒత్తిడి భూమి మీద ఉన్నదానిలో నూరోవంతు కూడా ఉండదు, ఎంత వేగంగా వీచినా రాకెట్టును పడదోయలేదు. ఈ సంగతి వీర్ కూడా ఒప్పుకున్నాడు. అతని ‘ప్రాజెక్ట్ హెయిల్ మేరీ’ (2021) ఇంతకన్నా హృదయం ఉన్న పుస్తకం. వీలైతే ఆడియోలో వినండి, అందులో ఒక పాత్ర స్వరాలతో మాట్లాడుతుంది. చదివితే తెలియని అందం వింటే తెలుస్తుంది.

ఇక్కడ తీసుకున్న పుస్తకాలన్నిటిలో ఒక్కటే దాచుకోమంటే నేను దాచుకునేది లె గ్విన్ ‘ద లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్’ (1969). విచిత్రంగా, ఇది చాలామంది సగంలో వదిలేసే పుస్తకం కూడా. గెథెన్ అనే మంచు గ్రహంలో మనుషులకు ఎప్పుడూ ఒకే లింగం అంటూ ఉండదు. నెలకు కొన్ని రోజులు మాత్రమే, అదీ ఒకసారి స్త్రీగా, ఒకసారి పురుషుడిగా మారవచ్చు. అక్కడికి దూతగా వెళ్లిన జెన్లీ ఐకి వాళ్లు అర్థం కారు. మొదటి అధ్యాయంలో రాజు ఒక కమానుకు చివరి రాయిని పెడతాడు, ఆ రాయి చుట్టూ వాడే గచ్చు ఎర్రగా ఉంటుంది. ఎందుకని అడిగితే, పూర్వం మనిషి ఎముకలూ నెత్తురూ కలిపేవారు, ఇప్పుడు జంతువులది వాడుతున్నాం అని ఆ రాజ్యపు ప్రధానమంత్రి ఎస్ట్రావెన్ మామూలుగా చెబుతాడు. ఆ రాజ్యంలో మర్యాద అడుగున ఏముందో ఆ గచ్చు చెప్పేస్తుంది. తర్వాత వచ్చే దర్బారు రాజకీయాలు, మధ్యలో చొప్పించిన పురాణకథలు నెమ్మదిగా సాగుతాయి. చిక్కుపడితే ఏడో అధ్యాయం ముందుగా చదివేయండి. అది ఒక పరిశోధకురాలి నోట్సు, చిన్నది, అక్కడి శరీరధర్మం అంతా అందులో ఉంది, కథ ఏదీ బయటపడదు. పదిహేనో అధ్యాయం నుంచి ఇద్దరు మనుషులు, ఒక స్లెడ్జి, సుమారు 800 మైళ్ల మంచు. తిండి తూకం వేసుకుంటూ, రోజుకు ఎన్ని మైళ్లు లాగారో రాసుకుంటూ వాళ్లు చేసే ప్రయాణం కోసమే ముందున్న నెమ్మదంతా.

గెథెన్ జనాన్ని అంతటా మగవాళ్లను పిలిచినట్టే పిలవటం తప్పని అప్పట్లోనే విమర్శ వచ్చింది. 1976 వ్యాసంలో లె గ్విన్ దాన్ని సమర్థించుకుంది. ఆ వ్యాసాన్నే 1987లో తిరగరాస్తూ, విమర్శకులది న్యాయమేనని ఒప్పుకుంది. ఆ రెండు రూపాలూ కలిపి చదివితే నవల ఇంకో మెట్టు పైకి వెళుతుంది.

అనువాదాల విషయంలో ఒక్క జాగ్రత్త. స్టానిస్లావ్ లెమ్ ‘సొలారిస్’ (1961) కొనేటప్పుడు లోపలి పేజీ తెరిచి కథానాయకుడి భార్య పేరు చూడండి. రేయా అని ఉంటే అది 1970 నాటి ప్రతి, పోలిష్ నుంచి కాకుండా ఫ్రెంచ్ అనువాదం నుంచి చేసినది. హేరీ అని ఉంటే బిల్ జాన్‌స్టన్ నేరుగా మూలం నుంచి చేసినది, ఆడియోగా 2011లో వచ్చింది. రెండోదే తీసుకోండి. రెండిట్లోనూ సొలారిస్ గ్రహాన్ని కప్పిన వింత సముద్రం ఆకారాల గురించిన పరిశోధన అధ్యాయాలు పొడుగ్గా ఉంటాయి. వాటిని దాటేస్తే పుస్తకం ఉత్త దయ్యం కథగా మిగులుతుంది. మనిషి తెలివి దేన్ని తాకలేకపోతుందో వాటిలోనే ఉంది.

పూర్తికాని సీరీస్ చెప్పాలా వద్దా అన్నది ఇంకో వాదన. జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ ‘ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్’ సీరీస్‌లో అయిదో పుస్తకం 2011లో వచ్చింది, ఆరోది ఇంకా రాలేదు. పాట్రిక్ రాత్‌ఫస్ ‘ద కింగ్‌కిల్లర్ క్రానికల్’లో రెండో పుస్తకం కూడా 2011దే, మూడోది లేదు. మార్టిన్‌ని మూడో పుస్తకం ‘ఎ స్టార్మ్ ఆఫ్ స్వోర్డ్స్’ వరకు చదవమని ధైర్యంగా చెబుతాను, చాలా దారాలు అక్కడ ముడిపడతాయి. రాత్‌ఫస్‌ది అలా ఆపే చోటు లేదు, కాబట్టి ముగింపు లేకపోతే నిద్రపట్టనివాళ్లకు ఇవ్వకండి. రాబర్ట్ జోర్డన్ ‘వీల్ ఆఫ్ టైమ్’ 14 సంపుటాలు. 2007లో ఆయన పోయాక చివరి మూడింటిని శాండర్సన్ పూర్తిచేశాడు. ఏడు నుంచి పది వరకు కథ కదలదు, పదోదైతే మరీను. అధ్యాయాల సారాంశాలు చూసుకుని ముందుకెళ్లటంలో సిగ్గుపడాల్సింది లేదు. డాన్ సిమన్స్ ‘హైపీరియన్’ (1989) కొంటే ‘ద ఫాల్ ఆఫ్ హైపీరియన్’ కూడా కలిపి కొనండి, మొదటిది సరిగ్గా గమ్యం ముందు ఆగిపోతుంది. టెర్రీ ప్రాచెట్ డిస్క్‌వరల్డ్ 41 నవలలు చూసి బెదరక్కర్లేదు. వరసలో మొదటిది అతని మంచి పుస్తకాల్లోది కాదు. ‘గార్డ్స్! గార్డ్స్!’తోనో, ఏ వరసకూ చెందని ‘స్మాల్ గాడ్స్’తోనో మొదలుపెట్టండి.

సమయం తక్కువున్నవాళ్లకు టెడ్ చియాంగ్ ‘స్టోరీస్ ఆఫ్ యువర్ లైఫ్ అండ్ అదర్స్’ (2002), ఎనిమిది కథలు. మొదటి కథ ‘టవర్ ఆఫ్ బాబిలాన్’లో గోపురం పైకి ఒక ఇటుక చేరటానికి నాలుగు నెలలు పడుతుంది, ఆ ఒక్క లెక్కతో ఆ లోకం మొత్తం నిలబడుతుంది. ‘డివిజన్ బై జీరో’ని మాత్రం ఆఖరికి ఉంచుకోండి, గణితం మీద మమకారం లేకపోతే అది అందదు. ఫాంటసీలో చిన్నది కావాలంటే సుసానా క్లార్క్ ‘పిరనేసీ’ (2020). వెనక అట్ట మీద రాసింది చదవకుండా నేరుగా లోపలికి వెళ్లండి. మొదటి ఇరవై పేజీల్లో హాళ్ల పేర్లు, వింత తేదీలు గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. ఎన్.కె. జెమిసిన్ ‘ద ఫిఫ్త్ సీజన్’ (2015) మాత్రం మనసు గట్టిగా ఉన్నప్పుడే తీయండి. పసివాడి చావుతో మొదలై, కథలో కొంత భాగం ‘నువ్వు’ అంటూ నడుస్తుంది. మూడు దారులుగా సాగే కథ ఎలా కలుస్తుందో తెలిసినప్పుడు ఆ ‘నువ్వు’ ఎందుకో తెలుస్తుంది. ఆ త్రయంలోని మూడు పుస్తకాలకూ వరసగా మూడేళ్లు హ్యూగో వచ్చింది.

వీటన్నిటినీ చదివేసి ఇంకా గట్టిది అడిగేవాళ్లకు జీన్ వుల్ఫ్ ‘ద బుక్ ఆఫ్ ద న్యూ సన్’ ఉంది. నాలుగు సంపుటాలు, మొదటిది 1980లో వచ్చింది. కథ చెప్పే సెవెరియన్ తాను ఏదీ మరిచిపోనంటాడు. ఎక్కడ ఏం దాటవేస్తున్నాడో గమనించటమే పాఠకుడి పని. అర్థంకాని మాటలు కల్పితాలనుకుంటారు, నిజానికి అవి వాడుక పోయిన పాత మాటలే. మొదటిసారి నిఘంటువు లేకుండా, ఆగకుండా చదివేయండి. ఒక పెన్సిలు మాత్రం దగ్గర పెట్టుకుని, ఎవరు ఎవరిని పోలి ఉన్నారని సెవెరియన్ అన్న ప్రతిచోటా గీత పెట్టండి. రెండోసారి చదివేటప్పుడు ఆ గీతల వెంటే వెళ్లాలి.